మా తమ్ముడు గాలి పీల్చడం నేర్చుకున్న చలికాలం

గుండె ఆపరేషన్ అయి, నోట్లో గొట్టం తీసేసిన నాడు మా తమ్ముడు అడిగిన మొదటి మాట పెళ్ళాం గురించి కాదు, పిల్లల గురించి కాదు. కళ్ళతోనే నన్ను దగ్గరికి పిలిచాడు. గొంతు ఎండిపోయి మాట పెగలడం లేదు. వంగి చెవి పెట్టాను.

"అక్క, ఫాల్గుణంల వాయిస్తనా?" అన్నాడు.

"ముందుగాల నోరు తడుపుకో. తర్వాత వాయిద్దువు గాని" అన్నాను.

పక్కనున్న నర్సమ్మకు అర్థం కాలేదు. "ఏం వాయిస్తడట?" అని అడిగింది.

"క్లారినెట్, బిడ్డా. పెండ్లిల మేళగాడు."

"ఇప్పుడైతే మంచిగ దగ్గుమను, గదే సాలు" అని నవ్వి పోయింది.

ఫాల్గుణం సంగతి చెప్తాను. మా తమ్ముడు బోధన్ దగ్గరి పల్లెలో ఉంటాడు. మీసం రాకముందు నుంచీ బ్యాండు మేళంలో క్లారినెట్ ఊదుతున్నాడు. అదే మేళంలో డోలు వాయించే నవీపేట్ ఆయన వీడికి ప్రాణస్నేహితుడు. ఆయనకు ఒక్కతే కూతురు. ఆ పిల్లకు ఫాల్గుణంలో పెళ్ళి కుదిరింది. మా దిక్కు పెళ్ళికొడుకు వాళ్ళు ఊరి మొదట్లో బండి దిగితే, పెళ్ళికూతురి వాళ్ళు మేళంతో ఎదురుపోయి తోలుకొస్తారు. దాన్ని ఎదుర్కోలు అంటాం. ఆ పిల్ల పుట్టిన నాడే వీడు ఆయన చేతిలో చెయ్యి వేశాడు: "నీ బిడ్డ ఎదుర్కోలుకు నేనే ఊదుత, ఇంకొకన్ని పెట్టినవంటే సూడు." ఆ మాట అప్పటి నుంచి ఇద్దరూ ఎన్నిసార్లు చెప్పుకున్నారో వాళ్ళకే తెలియాలి. దసరా వెళ్ళాక ఒక బరాత్‌లో ఊదుతూ ఊదుతూ వీడు ఎదురురొమ్ము పట్టుకుని కూలబడ్డాడు. గ్యాస్ అనుకుని సోడా తాగించారట. నిజామాబాద్ తెస్తే, రక్తనాళాలు మూసుకుపోయాయి, కోసి వేరే దారి వెయ్యాలి అన్నారు.

డాక్టరు సారును వీడు అడగమన్నది నేనే అడిగాను. ఆయన మంచివాడు, తొందరపడి మాట ఇవ్వలేదు. "రొమ్ము ఎముక కోసి తీగతో కట్టినం. అది అతుక్కోవాలె. ఊపిరితిత్తులు తేరుకోవాలె. రెండూ అయితే అప్పుడు చూద్దాం" అన్నాడు.

ఆ 'చూద్దాం' పట్టుకుని మా తమ్ముడు బతికాడని నేనంటాను.

చెకప్‌లకు దగ్గరని ఇంటికి పంపేటప్పుడు నిజామాబాద్‌లో మా ఇంటికే తెచ్చుకున్నాను. వీడు ఒప్పుకోలేదు. అక్క తమ్ముడింటికి వచ్చి నాలుగు రోజులుంటే అది పుట్టిల్లు, తమ్ముడు అక్క ఇంట్లో మంచమెక్కితే లోకం నవ్వుతుందని వాడి బాధ.

"మొగోన్ని, ఆడబిడ్డ ఇంట్ల పడి తింటున్నడంటరే అక్క."

"నువ్వు తినేదేమున్నదిరా? ఉప్పు లేని పప్పు. గది తినెటోన్ని చూస్తే ఎవడన్న నవ్వుతడా, ఏడుస్తడు."

మరదలు ముసిముసిగా నవ్వింది. ఆమెకు మాట తక్కువ. మా ఇంట్లో మూడు మాటలు నావైతే సగం మాట ఆమెది.

నేను బీడీలు చేస్తాను. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ అదే పని, ఆయన పోయాక అదే తోడు. తంబాకు పొడి ఇంట్లో గాలి నిండా ఉంటుంది, నా గొంతు ఇట్లా రంపం కోసినట్టు కావడం దాని పుణ్యమే. రొమ్ము కోసిన మనిషికి ఆ పొడి తగిలితే దగ్గు ఆగదు. అందుకని నా చేట, తునికాకు, కత్తెర అన్నీ ఎత్తుకుని ఎదురింటామె అరుగు మీదికి మార్చాను. ఇల్లు రెండుసార్లు తడిగుడ్డతో తుడిచాను. నా ఇంటికి అంత శుభ్రం నా పెళ్ళికి కూడా చెయ్యలేదు.

చూసిపోయేవాళ్ళు మొదలయ్యారు. మా దిక్కు మనిషి మంచాన పడితే రొట్టె ప్యాకెట్టు, అరటిపండ్లు పట్టుకుని బలగమంతా వస్తుంది. వచ్చి మంచం మీదే కూర్చుంటారు. భుజం పట్టి ఊపి ఏడుస్తారు. కోసిన రొమ్మును ఊపితే ఎట్లా? నేను వాకిట్లో రెండు కుర్చీలు వేసి, "ఏడిస్తే గడప బయట, నవ్వితే గడప లోపల" అని కట్టడి పెట్టాను. జలుబు ఉన్నవాళ్ళను అటునుంచి అటే పంపాను. నామీద కోపాలు వచ్చాయి. ఒకామె అయితే మరదలి చెవిలో, "పొద్దుగాల లేవంగనే ఆమె మొకం చూపియ్యకు, మంచిది కాదు" అని నాకు వినబడేటట్టే చెప్పింది. ముండమోసిన మొఖం కదా నాది.

మా తమ్ముడు లోపలి నుంచి అందుకున్నాడు. "మా అక్క మొకం చూడంగనే మందుగోలీ మింగుడు యాదికొస్తది. ఆమె లేకుంటే ఎప్పుడో పోతుంటి!" అన్నాడు. అంత గట్టిగా అరిచినందుకు రొమ్ము నొప్పి పుట్టి దిండు కౌగిలించుకున్నాడు.

ఆ దిండు సంగతి కూడా చెప్పాలి. దవాఖానాలో కసరత్తులు నేర్పే ఫిజియో అమ్మాయి ఉంది. బక్కపలచటి పిల్ల, మాట మాత్రం తహసీల్దారు లెక్క. దగ్గు వస్తే దిండును రొమ్ముకు గట్టిగా అదుముకుని దగ్గాలి, లేకపోతే కుట్ల మీద భారం పడుతుందని చెప్పింది. లేచేటప్పుడు చేతుల మీద బలం పెట్టకూడదు, ఒక పక్కకు దొర్లి, కాళ్ళు కిందికి వదిలి లేవాలి. బకెట్టు ఎత్తకూడదు. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవాలి. కాలెందుకంటే, అందులోంచే నరం తీసి గుండెకు అతికించారు. మా తమ్ముడికి ఇది పెద్ద అన్యాయంగా కనబడింది. "గుండెకు బీమారైతే కాలు కోసిండ్రు. కాలుకు బీమారైతే యాడ కోస్తరో" అనేవాడు.

వీటన్నిటికంటే ముఖ్యమని ఆ అమ్మాయి చేతిలో పెట్టింది గోళీల డబ్బా. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బా, అందులో మూడు గదులు, గదికొక రంగు గోళీ. పక్కన మెత్తటి గొట్టం. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి మెల్లగా, లోతుగా పీలిస్తే గోళీలు పైకి లేస్తాయి. గంట గంటకూ చెయ్యాలి. ఊపిరితిత్తుల అడుగు దాకా గాలి పోతేనే కఫం నిలవదు, నిమ్ము చెయ్యదు.

"అంకుల్, మీరు క్లారినెట్ కదా, మీకు ఇది చాలా ఈజీ" అంది.

ఈజీ కాలేదు. వాడు పీలిస్తే ఒక్క గోళీ చలికి వణికినట్టు వణికి పడిపోయింది. ఎదురు మంచం మీద పళ్ళు లేని అవ్వ, ఆమెదీ గుండె ఆపరేషనే, రెండు గోళీలు లేపి మా తమ్ముడి దిక్కు చూసింది. ఆ చూపు వాడికి కుట్ల కంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

ఇంటికి వచ్చాక వాడు డబ్బా ముందు పెట్టుకుని కుస్తీ పట్టాడు. చేతికి ఒక గొట్టం ఇచ్చి నోట్లో పెట్టుకోమంటే, జీవితమంతా ఊదిన మనిషి ఏం చేస్తాడు? ఊదుతాడు. ఊదితే గోళీలు కదలవు. మళ్ళీ ఊదుతాడు. మొఖం ఎర్రబడుతుంది. నేను ఎదురింటి అరుగు మీద బీడీలు చేసుకుంటూ కిటికీలోంచి చూసేదాన్ని. ఒక నాడు గొప్ప కేక వినబడింది.

"అక్క! ఉర్కిరా!"

చేట పడేసి ఉరికాను. మరదలు పిండి చేతులతో వచ్చింది. మా తమ్ముడు మంచం మీద రాజులా కూర్చున్నాడు. డబ్బాను తలకిందులుగా పట్టుకున్నాడు. గొట్టంలో ఊదాడు. మూడు గోళీలూ టపాటపా పైకి లేచి నిలబడ్డాయి! ఎంతసేపని, ఊదినంతసేపూ నిలబడ్డాయి.

"గా పిల్ల డబ్బా ఉల్టా ఇచ్చింది అక్క. గిట్ల పట్టుకోవాలె. నేను కనిపెట్టిన!"

మేమూ మురిసిపోయాం. నిజం చెప్తున్నాను, ఇంట్లో ఉన్నవాళ్ళం ఒక్కరం కూడా ఆలోచించలేదు. గోళీలు లేవాలన్నారు, లేచాయి. మరదలు దిష్టి తీసింది. ఆ నాటి నుంచి చూసిపోను వచ్చినవాళ్ళందరికీ తమాషా చూపించడమే పని. ఆదివారం నవీపేట్ నుంచి డోలు ఆయన వస్తే ఆయనకూ చూపించాడు. ఆయన డోలు తేలేదు గానీ, అందిన స్టీలు పళ్ళెం తీసుకుని దరువు వేశాడు. వీడు ఊదడం, గోళీలు లేవడం, ఆయన కొట్టడం. వాకిట్లో కూర్చున్న చుట్టాలు చప్పట్లు.

"అరె దోస్త్, గీ డబ్బనే పట్టుకరా ఎదుర్కోలుకు. క్లారినెట్ ఎందుకింక" అన్నాడు ఆయన.

నవ్వితే దగ్గొచ్చి దిండు పట్టుకున్నాడు మా తమ్ముడు.

"పక్కల పెండ్లాం ఉండంగ దిండును కావలిచ్చుకున్నవేందిరా? చెల్లె ఏమనుకుంటది?"

"జర మెత్తగుంటదని" అంది మరదలు వంటింట్లోంచి. ఆ వారానికి ఆమె మాట అదే.

అట్లా పండుగలా నడుస్తుండగా సాయంత్రాలు ఒళ్ళు కొద్దిగా వెచ్చబడటం మొదలైంది. మాట్లాడితే మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. ఒక మధ్యాహ్నం టీవీలో ఎవరో మేకను అమ్ముకుంటుంటే చూసి వెక్కి వెక్కి ఏడ్చాడు. మేకల మీద వాడికి ఎప్పుడూ ప్రేమ లేదు, కూర మీద తప్ప. నాకు భయం పట్టుకుంది. చెకప్ రోజు దాకా ఆగకుండా ఆటో పిలిచి దవాఖానాకు తీసుకుపోయాను. డబ్బా కూడా చంకలో పెట్టుకొచ్చాడు, చూపించి మెప్పు పొందాలని.

ఫిజియో అమ్మాయి వరండాలోనే ఎదురైంది. "ఎట్లున్నరు అంకుల్? గోళీలు లేస్తున్నయా?"

"మూడుకు మూడు" అని వీడు డబ్బా తలకిందులు చేసి ఊదాడు.

ఆ పిల్ల ముందు నోరు తెరిచింది. తర్వాత గోడకు ఆనుకుని నవ్వింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుని, నవ్వు ఆపుకుని, అప్పుడు అడిగింది, "ఎప్పటిసంది గిట్ల చేస్తున్నరు?"

మేం చెప్పగానే ఆమె మొఖం మారిపోయింది. లోపలికి తీసుకుపోయి సారుకు చెప్పింది. ఆయన వీపు మీద స్టెతస్కోపు పెట్టి అటూ ఇటూ విన్నాడు, ఎక్స్‌రే తీయించాడు. ఎడమవైపు అడుగు భాగానికి గాలి సరిగ్గా పోవడం లేదు, కఫం పేరుకుంటున్నదన్నాడు.

"ఊదుడు నీకు పుట్టుకతోనే వచ్చు. నాకు కావాల్సింది అది కాదు. లోపలికి తీసుకునుడు కావాలె. ఇప్పటికైనా మంచిగ చేస్తే ఇంట్లనే తగ్గుతది. చెయ్యకపోతే నిమ్ము చేసి మళ్ళ ఇక్కడికే వస్తవ్. అప్పుడు ఫాల్గుణం మాట మర్చిపో."

ఏడుపు గురించి కూడా నేను అడిగాను. ఇంత పెద్ద ఆపరేషన్ తర్వాత చాలామందికి అట్లా అవుతుంది, కొన్నాళ్ళకు తగ్గుతుంది, తగ్గకుంటే చెప్పండి అన్నాడు. దానికి నాకు నిమ్మళమైంది. మా తమ్ముడికి మాత్రం కాలేదు. ఇంటికి వచ్చి గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు.

"నాకు గాలి గుంజుడు రాదక్క" అన్నాడు చివరికి.

"గాలి గుంజుడు రాకుంటే ఇన్నొద్దులు ఎట్ల బతికినవ్‌రా?"

అప్పుడు చెప్పాడు. మేళంలో పాట తెగకూడదు. క్లారినెట్ ఆగితే ఆడేవాళ్ళ కాళ్ళు ఆగుతాయి. అందుకని మూతి మూల నుంచి చటుక్కున గుక్కెడు గాలి లాక్కుని మళ్ళీ ఊదడమే. లాక్కున్నట్టు వినేవాళ్ళకు తెలియకూడదు. వీడికి నేర్పిన ఉస్తాదు, ఊపిరి చప్పుడు వినబడితే చెవి మెలిపెట్టేవాడట. వీళ్ళు దాన్ని దొంగ ఊపిరి అంటారు. అంటే మా తమ్ముడు నిండా గాలి తీసుకున్నది ఎప్పుడో చిన్నప్పుడు. మిగతాదంతా దొంగతనమే.

దొంగతనం అనగానే నాకు చెరుకు బండ్లు గుర్తొచ్చాయి. మా చిన్నతనంలో చలికాలం వస్తే బోధన్ రోడ్డంతా చెరుకు బండ్లు. ఒకదాని వెనక ఒకటి, ఎడ్ల మెడల గంటలు. ఇప్పుడు ట్రాక్టర్లు పోతున్నాయి, వాటి వెనక ఎవరూ ఉరకలేరు. అప్పుడు మేమిద్దరం బండి వెనక ఉరికి గడ లాగేవాళ్ళం. నేను లాగేది, వాడు పట్టుకునేది. కాలువ గట్టు మీద కూర్చుని నమిలేవాళ్ళం. గబగబా పీలిస్తే రసం పొలమారి ముక్కులోంచి వస్తుంది. అందుకని ముక్క కొరికి, పళ్ళతో అదిమి పట్టి, రసాన్ని మెల్లగా, ఆగకుండా లోపలికి గుంజాలి.

"లెవ్వు" అన్నాను. పక్కకు దొర్లి లేచాడు. డబ్బా నిటారుగా పట్టుకుని గొట్టం నోటికి ఇచ్చాను. "క్లారినెట్‌ను మర్చిపో. గిది చెరుకు ముక్క. బండోడు చూడలే. గుంజు, మెల్లగ గుంజు. పొలమారొద్దు."

కళ్ళు మూసుకున్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. మొదటి గోళీ నెమ్మదిగా లేచింది. పడలేదు. రెండోది కదిలింది, కాస్త లేచి ఊగింది. వాడికి ఇంకా రసం అయిపోలేదేమో, గుంజుతూనే ఉన్నాడు. తర్వాత దగ్గు తన్నుకొచ్చింది. దిండు ఇచ్చాను. దగ్గి దగ్గి ఇంత కఫం ఉమ్మాడు.

మరదలు గిన్నె పట్టుకుని నిలబడి, బంగారం దొరికినట్టు మురిసింది. కఫం పడితే సంబరపడ్డ ఇల్లు నిజామాబాద్‌లో మాదొక్కటే అనుకుంటాను.

ఇట్లా నేర్చుకోవడం మొదలైంది. ఆదివారం డోలు ఆయన వచ్చి సంగతి విని, సారు దగ్గర ఒట్టు పెట్టుకున్నవాడిలా పని తన మీద వేసుకున్నాడు. ఆయన నవీపేట్ నుంచి రైలు పట్టుకుని వీలున్నప్పుడల్లా వచ్చేవాడు. పళ్ళెం మీద దరువు వేసేవాడు, ఈసారి ఊదడానికి కాదు, పీల్చడానికి. దరువు నడిచినంతసేపూ లోపలికి, ఆగితే కాసేపు పట్టి ఉంచడం, తర్వాత వదలడం. కళ్ళు తిరిగితే ఆగడం. మధ్యలో వీడు మూతి మూల నుంచి చటుక్కున లాగితే ఆయన పళ్ళెం మీద ఠంగుమని కొట్టేవాడు.

"దొంగ! దొరికినవ్! మళ్ళ షురూ!"

నేనూ ఊరుకోలేదు. తర్వాతి చెకప్‌లో ఫిజియో అమ్మాయి నా దగ్గు విని, "అత్తమ్మా, మీకూ ఒకటి కావాలె. ఆయన గొట్టం మీరు నోట్ల పెట్టుకోకుండ్రి, వేరేది కొనుక్కోండి" అంది. కొన్నాను. ఎంత గుంజినా నాకు ఒకటిన్నర గోళీ. ఒక ఆదివారం డోలు ఆయన ముందర అక్కాతమ్ముళ్ళం ఎదురెదురుగా కూర్చుని పోటీ పడుతుంటే, కూరగాయలు తరుగుతున్న మరదలు లేచి, నా డబ్బా గొట్టాన్ని కడిగి తుడిచి నోట్లో పెట్టుకుంది. మూడు గోళీలు లేచాయి. అట్లా పట్టి ఉంచింది, ఉంచింది, మేం ముగ్గురం నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే చాలని వదిలేసి, మళ్ళీ బీరకాయ తీసుకుంది.

"ఇన్నేండ్ల సంది మాట్లాడకుంట గాలంత జమ చేసిందిరా చెల్లె" అన్నాడు డోలు ఆయన.

నడక దగ్గర కూడా ఇట్లాంటి పేచీయే. రోజూ నడవాలి, రోజురోజుకూ కొంచెం పెంచాలి, నడుస్తూ మాట్లాడగలిగేంత వేగమే ఉండాలి అన్నారు. వీడికి పనీపాటా లేకుండా గల్లీలో అటూ ఇటూ తిరగడం సిగ్గు. సిగ్గు పోవాలని బస్సు దొరకనివాడిలా గబగబా పోయేవాడు, మూలమలుపు దగ్గర ఆయాసంతో నిలబడేవాడు. డోలు ఆయన పక్కన చేరాడు.

"గట్ల కాదు దోస్త్. బరాత్ నడక నడువ్."

బరాత్ ఎట్లా నడుస్తుందో చూసే ఉంటారు. నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది, మళ్ళీ నాలుగడుగులు. పెళ్ళికొడుకు గుర్రం మీద నిద్రపోతాడు గానీ మేళం తొందరపడదు. ఇద్దరూ ఆ నడక మొదలుపెట్టారు. ఆయన తొడ మీద దరువు వేసుకుంటూ, వీడు కథలు చెప్పుకుంటూ, ధర్మాబాద్ దాకా మహారాష్ట్రలో వాయించిన పెళ్ళిళ్ళన్నీ మా గల్లీలో మళ్ళీ జరిపించారు. వీడు కొంచెం వేగం పెంచితే ఆయన అక్కడి మరాఠీలో, "థాంబ్ రే, థాంబ్!" అని చొక్కా పట్టి ఆపేవాడు.

ఎదురింటామె అరుగు మీంచి అడిగింది, "ఎవల పెండ్లే గిది, రోజు నడుస్తున్నరు?"

"గీనదే అక్క, రెండోది. పిల్ల దొరకలే, నడక మాత్రం షురూ చేసినం" అన్నాడు డోలు ఆయన.

"దొరికితే తోల్కపోన్రి అన్నా. ఉప్పులేని కూర వండి నాకు ఇసుగొచ్చింది" అని మా తలుపులోంచి వినబడింది. ఆమె అంత పొడుగు మాట అనడం నేను అదే మొదటిసారి వినడం. మా తమ్ముడు గల్లీ మధ్యలో నిలబడి వెనక్కి తిరిగి చూశాడు, మురిసిపోయాడు.

ఒళ్ళు వెచ్చబడటం పోయింది. తర్వాతి ఎక్స్‌రేలో అడుగు కూడా తెరుచుకుందన్నారు. సంక్రాంతి దాటాక వాళ్ళను ఊరికి పంపాను. నాకు చదువు సంతకం వరకే, ఇప్పుడు కూడా నేను నోటితో చెప్తుంటే ఇంకొకరు రాస్తున్నారు. కానీ ఫోను మాట్లాడటం బాగా వచ్చు. పొద్దున్నే ఫోను చేసి, "గోళీలెన్ని?" అనేదాన్ని. వాడు రెండున్నర అనేవాడు. వెనక నుంచి మరదలు, "రెండే" అనేది.

ఫాల్గుణం వచ్చింది. పెళ్ళికి ముందు చెకప్. సారు రొమ్ము ఎముక నొక్కి చూశాడు, ఎక్స్‌రే చూశాడు, గుండె పరీక్ష చేయించాడు. మా తమ్ముడు ఊపిరి బిగబట్టి చూస్తుంటే, "ఊపిరి తీసుకోవయ్య ముందు" అని నవ్వాడు. "వాయించు. కూసోని, మెల్లగ. ఇప్పటికి ఒక్క పాట. నొప్పి గాని ఆయాసం గాని వస్తే పాట నడుమ ఉన్నా ఆపాలె."

వాడు ఎగిరి గంతేస్తాడనుకున్నాను. గంతెయ్యలేదు, బస్సెక్కి ఊరికి పోయాడు. ఊళ్ళో క్లారినెట్ పెట్టె తీశాడు, ముక్కలన్నీ బిగించాడు, నోట పెట్టే పీక తడిపాడు, పెదాల దాకా తెచ్చాడు. మళ్ళీ విప్పి పెట్టెలో పెట్టేశాడు. మర్నాడూ అంతే.

"తీగ తెగుతదేమో అక్క" అన్నాడు ఫోనులో.

"సారు అతికిందన్నడు గదరా."

"సారు క్లారినెట్ ఊదుతడా?"

భయం వాడి రొమ్ములో ఉంది, నా రొమ్ములో కాదు. ఊదకపోతే మానెయ్, పెళ్ళి చూద్దువు పద అన్నాను. డోలు ఆయనకు కూడా చెప్పాను. ఆయన, "ఊదకున్నా సరే, నా పక్కన నిలవడితే సాలు" అన్నాడు. కోటగిరి నుంచి ఇంకో క్లారినెట్ ఆయనను మాట్లాడి పెట్టుకున్నాడు.

పెళ్ళినాడు నవీపేట్‌లో ఊరి మొదట్లో షామియానా కింద ఎదుర్కోలు. పెళ్ళికొడుకు వాళ్ళు ధర్మాబాద్ దిక్కు వాళ్ళు, బస్సు నిండా దిగారు. పెళ్ళికూతురి తండ్రి కొత్త పంచె కట్టుకుని, పసుపు కుంకుమల పళ్ళెం వెనక నిలబడాలి. ఆయనేమో డోలు మెడకు తగిలించుకుని మేళంలో నిలబడ్డాడు. భార్య పళ్ళు కొరుకుతోంది. మా తమ్ముడు కుర్చీలో కూర్చున్నాడు, ఒళ్ళో పెట్టె. కోటగిరి ఆయన క్లారినెట్ ఎత్తాడు.

"జర ఆగు" అన్నాడు మా తమ్ముడు ఆయనతో. పెట్టె తెరిచాడు. బిగించాడు. డోలు ఆయన దిక్కు చూశాడు. ఆయన డోలు మీద చిన్నగా దరువు ఎత్తాడు.

మా తమ్ముడు నోరు తెరిచి అందరి ముందూ, చప్పుడయ్యేటట్టు, రొమ్ము నిండా గాలి పీల్చాడు. భుజాలు లేచాయి. తర్వాత ఊదాడు. మొదటి స్వరం కీచుమంది. రెండోది నిలబడింది. మూడోదానికి బస్సు దిగినవాళ్ళు ఇటు తిరిగారు.

ప్రతి వరుసకూ ఆగి, దొంగతనం లేకుండా, నిండా పీల్చుకుని ఊదాడు. వాడు ఆగినప్పుడల్లా డోలు ఆయన నాలుగు దరువులు ఎక్కువ వేసి పాటను పట్టుకున్నాడు. ఆడేవాళ్ళకు ఏమీ తెలియలేదు. ఆ నాలుగు దరువులకు వాళ్ళు ఇంకో గిరకీ తిరిగారు. నేను వాడి మొఖమే చూస్తూ కూర్చున్నాను, పెదాలు నల్లబడతాయేమో, చెయ్యి రొమ్ము మీదికి పోతుందేమో అని. పోలేదు. పాట అయిపోయింది. వాడు క్లారినెట్ ఒళ్ళో దించుకుని నవ్వాడు.

"పరత్ ఏకదా! పరత్ ఏకదా!" అని మరాఠీ వాళ్ళు, మళ్ళీ వాయించమని చుట్టూ చేరారు.

మా తమ్ముడు మళ్ళీ ఎత్తబోయాడు. డోలు ఆయన క్లారినెట్ లాక్కుని చంకలో పెట్టుకున్నాడు.

"సారు ఒక్కటే అన్నడు."

"నాకేం ఆయాసం లేదురా!"

"లేనప్పుడే బంద్ చెయ్యాలె. ఉన్నంక బంద్ చేస్తే దాన్ని దవఖాన అంటరు."

"ఓ బిడ్డ తండ్రీ!" అని ఆయన భార్య పళ్ళెం ఎత్తి అరిచింది. "మేళం మీదనే పుస్తె కట్టిస్తవా? గా డోలు దించి, వచ్చి అల్లుని కాళ్ళు కడుగు!"

ఆయన డోలు దించాడు గానీ క్లారినెట్ వదల్లేదు. దాన్ని చంకలో పెట్టుకునే పోయాడు. మా తమ్ముడు కుర్చీలో వెనక్కి వాలి, చెమట తుడుచుకున్నాడు. మరదలు నీళ్ళు ఇచ్చింది. గుక్క గుక్కగా తాగి నా దిక్కు తిరిగాడు.

"మంచిగొచ్చిందా అక్క?"

"వచ్చింది. నడుమల ఒక్కకాడ జర తప్పినవ్."

"యాడ?"

"గా పైకి పోయి కిందికి దిగేకాడ."

"అది తప్పా? నీకేం తెలుసు, గది అట్లనే ఉంటది!" అని చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచాడు. పెళ్ళి పందిరి దాకా నాతో వాదిస్తూనే నడిచాడు. భోజనాల దగ్గర కూడా విస్తరి ముందు కూర్చుని, అన్నం కలపకుండా, ఆ తప్పిన చోటు నోటితో పాడి వినిపించాడు, ఒక్కసారి కాదు.